రాయి దిగిన దారి, చప్పుడు ఎక్కిన దారి

ఆ ఇంట్లో ఎవరికీ అలారం పెట్టుకునే అవసరం ఉండేది కాదు. తెల్లారగానే మామగారి గొంతు మొదలయ్యేది. పళ్ళు తోముకుంటూ కూడా ఆయన ఏదో ఒకటి వివరిస్తూనే ఉండేవారు. వినేవాళ్ళు లేకపోతే అద్దానికి చెప్పేవారు. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. కాలేజీ పిల్లలు ఆయనకు రేడియో మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజున ఆయన కోప్పడలేదు సరికదా, రేడియో ఎలా పనిచేస్తుందో గంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పారట.

ఆ ఇంటి కోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రే గది బయట బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు పిలిచేది. పదేళ్ళ పైచిలుకు అదే బల్ల, అదే కుర్చీ. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల యంత్రం, దాని పక్కన సీసపు ఆప్రాన్ కట్టుకుని నిలబడ్డ టెక్నీషియన్ కనిపించేవారు. పేర్లు పిలవడం మాని ఆ తలుపుకు అటువైపు వెళ్ళి నిలబడాలని ఆమె కోరిక. ఎక్స్‌రే కోర్సులో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. కిందటేడు రాసింది. జీవశాస్త్రం గట్టెక్కించింది, ఫిజిక్స్ ముంచేసింది. వచ్చే ఏటికి వయసు పరిమితి దాటిపోతుంది కాబట్టి ఈసారి తాడోపేడో తేల్చుకోవాలి.

"మీ మామగారే ఫిజిక్స్ మాస్టారు కదా, నీకేం దిగులు?" అని ఆసుపత్రిలో అందరూ అనేవారు. అలా అన్నవాళ్ళెవరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కారు.

రెండు నెలలుగా రోజూ సాయంత్రం ఆయన ఆమెకు పాఠం చెబుతూనే ఉన్నారు. ప్రేమగానే చెప్పేవారు. కానీ ఆమె ఒక ప్రశ్న అడిగితే, అడగని ఎనిమిదింటికి జవాబు చెప్పి, అడిగినదాన్ని మరిచిపోయేవారు. ఆమె పెన్సిల్ ఎత్తేలోపే లెక్క పూర్తి చేసేసి, "చూశావా, ఎంత తేలికో" అనేవారు. ఆమె బుద్ధిగా తలూపేది. ఆయన ముందున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. మర్నాడు బస్సులో అదే లెక్క ఒంటరిగా చేయబోతే మొదటి గీత దగ్గరే ఆగిపోయేది.

ఇలా ఉండగా మాస్టారి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. వేడినీళ్ళు పుక్కిలించారు. తగ్గలేదు. చివరికి గొంతు డాక్టరు లోపలికి చిన్న కెమెరా పంపి చూసి, స్వరతంత్రుల మీద కాయలు కాశాయన్నాడు. చిన్న ఆపరేషన్, భయం లేదు, కానీ ఆ తర్వాత మూడు వారాలు నోరు విప్పకూడదని చెప్పాడు.

"గుసగుసగా మాట్లాడొచ్చా డాక్టరుగారూ?" అని అత్తగారు అడిగింది.

"గుసగుస ఇంకా చేటమ్మా. దగ్గడం కూడా తగ్గించుకోవాలి."

మాస్టారు డాక్టరు వంక, జైలుశిక్ష వేసిన జడ్జిని చూసినట్టు చూశారు. కోడలు మాత్రం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. పరీక్షకు నెల కూడా లేదు. అర్థమైనా కాకపోయినా, చెప్పే మనిషంటూ ఒకరు ఉన్నారన్న ధైర్యం ఇన్నాళ్ళూ ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి రాగానే కొడుకు ఒక పలక, డబ్బా సుద్దముక్కలు తెచ్చి తండ్రి చేతికిచ్చాడు. అతను సరుకుల వ్యాను నడుపుతాడు. ఇంట్లో ఎవరికి ఏది కావాలన్నా దారిలో చూసి పట్టుకొచ్చేస్తాడు. అయితే ఆ పలక ఎంతోకాలం నిలవలేదు. కోడలు "వేగానికీ త్వరణానికీ తేడా ఏంటి మామయ్యా?" అని అడిగిందో లేదో, ఆయన పలక నింపి, తుడిచి, మళ్ళీ నింపి, చోటు చాలక గచ్చు మీదికి దిగారు. హాలంతా తెల్లబడిపోయింది. అత్తగారు తడిగుడ్డతో వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"డాక్టరు మీ గొంతుకు విశ్రాంతి ఇమ్మన్నాడు. నేను మా కళ్ళకి కూడా ఇప్పిస్తున్నాను. ఇలా ఇవ్వండి ఆ సుద్ద."

ఆయన సుద్దముక్కను గుప్పెట్లో దాచుకున్నారు. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పి లాక్కుంది. బదులుగా ఒక స్టీలు గ్లాసు, చెంచా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అమ్మాయి లెక్క చేస్తుంది. రైటయితే ఒకసారి కొట్టండి, తప్పయితే రెండుసార్లు. అంతకుమించి ఒక్క చప్పుడు వచ్చినా చెంచా కూడా తీసుకుపోతాను."

ఆ పద్ధతి మొదలైన రోజున ఇద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది. మాస్టారికి చెప్పాలని, కోడలికి చెప్పించుకోవాలని. ఆమె పుస్తకం తెరిచి, బావి లెక్క దగ్గర ఆగింది. ఈ లెక్క కిందటేడు కూడా ఆమెను ఏడిపించింది. బావిలోకి ఒక రాయి వదిలారు, నాలుగుంపావు సెకన్లకు నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది, చప్పుడు సెకనుకు మూడువందల ఇరవై మీటర్లు పోతుంది, బావి లోతెంత అని ప్రశ్న. గురుత్వ త్వరణం పది అనుకోమని కింద రాసి ఉంది.

ఆమె చకచకా గుణించింది.

"మామయ్యా, చప్పుడు వేగం ఇచ్చారు, టైమిచ్చారు. రెండూ గుణిస్తే పదమూడువందల అరవై మీటర్లు."

వంటింట్లో కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తి ఆపింది. "అంటే కిలోమీటరు పైనా? ఆ బావిలో నీళ్ళు తోడాలంటే తాడు లారీలో తేవాలి."

గ్లాసు రెండుసార్లు మోగింది. కోడలికి కూడా నవ్వొచ్చింది, కానీ తప్పెక్కడో తెలియలేదు. మాస్టారు నోరు తెరవబోయి, వంటింటి వైపు చూసి, మూసుకున్నారు. కాసేపు చెంచాను అటూ ఇటూ తిప్పారు. తర్వాత లేచి హాలు చివర గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. అరచేతిలో ఒక నిమ్మకాయ పట్టుకుని కోడలికి చూపించి, తన గుండె మీద తట్టుకున్నారు. ఇది రాయి, ఆ రాయిని నేనే అన్నమాట. అక్కడి నుంచి బయలుదేరి మొదట మెల్లగా, తర్వాత వడివడిగా, చివరికి దాదాపు పరుగుతో వంటింటి గుమ్మం దాకా వచ్చి, గుమ్మం పక్కనున్న పీటకు మోకాలు కొట్టుకున్నారు. నొప్పికి కళ్ళు పెద్దవయ్యాయి. అరవడానికి లేదు. ఒంటికాలి మీద గెంతుతూనే రెండో చేత్తో 'అర్థమైందా' అని సైగ చేశారు.

అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు మాత్రం నవ్వుతూనే ఆలోచనలో పడింది.

"ఓహో. రాయి పడటానికి కూడా టైము పడుతుంది కదా. ముందు మెల్లగా, పోనుపోను వేగంగా. నేను అసలు రాయినే మరిచిపోయాను. పప్పులో కాలేశాను మామయ్యా. అయితే అయిదు ఇంటూ టైము ఇంటూ టైము." ఆమె వేసి చూసింది. "తొంభై మీటర్లు. కొంచెం పైన."

మాస్టారు మోకాలు రుద్దుకుంటూ వచ్చి కూర్చుని రెండుసార్లు కొట్టారు.

"ఇదీ తప్పేనా?"

ఒకసారి కొట్టారు. అంటే అవును, తప్పే.

ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ తొంభై. మూడోసారీ అంతే. మామూలుగా అయితే ఈపాటికి ఆయన పెన్సిల్ లాక్కుని లెక్క పూర్తి చేసేసి, పక్క లెక్కలోకి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు చెంచా పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆ ఎదురుచూపు ఆమెకు భరించరానిదిగా అనిపించింది. పుస్తకం మూసేసి, "నా వల్ల కాదు మామయ్యా. పేర్లు పిలుచుకుంటూ బతికేస్తాను. తప్పేముంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు ఆమె మూసిన పుస్తకం తెరిచి మళ్ళీ అదే పేజీ తీసి పెట్టారు. అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, "వదిలెయ్యండి, పొద్దున్నకి తనే వస్తుంది" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు, నిలువుగానూ ఊపారు. ఏం చెప్పదలిచారో ఆవిడకు తెలియలేదు. ఎందుకైనా మంచిదని ఇంకో చెంచా చక్కెర వేసి టీ ఇచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో రద్దీగా ఉంది. బల్ల ముందు చేతికి కట్టు కట్టుకున్న వడ్రంగి ఒకాయన, తన ఎక్స్‌రే ఇంకా రాలేదని విసుక్కుంటున్నాడు.

"నేను లోపలికెళ్ళి ఎంతసేపైంది తల్లీ? అరగంట. చెయ్యి పెట్టించుకోవడానికి అరగంట పడుతుందా ఎక్కడైనా?"

"చెయ్యి పెట్టడానికి అయిదు నిమిషాలే పట్టింది బాబాయ్. తర్వాత ఫిల్ము తయారై బయటికి రావాలి కదా. దానికి పట్టే టైము దానిది. మీరు లోపలికెళ్ళిన టైమూ, అది బయటికొచ్చిన టైమూ మాత్రమే నాకు ఇక్కడ తెలుస్తాయి. మధ్యలో..."

అక్కడ ఆమె ఆగిపోయింది. వడ్రంగి ఇంకా ఏదో అంటున్నాడు. ఆమెకు వినపడలేదు. తన గడియారంలో కనిపించే అరగంటలో రెండు ప్రయాణాలున్నాయి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. లోపలికి పోయేది మనిషి, బయటికి వచ్చేది ఫిల్ము. ఇద్దరూ ఒకే వేగంతో నడవరు. కానీ దాటే గుమ్మం ఒక్కటే.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని వడ్రంగి కంగారుపడ్డాడు.

"బాగుంది బాబాయ్. చాలా బాగుంది. మీ ఫిల్ము నేనే వెళ్ళి తెస్తాను, కూర్చోండి."

సాయంత్రం ఆమె చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. మాస్టారు వరండాలో కూర్చుని ఉన్నారు. గ్లాసు, చెంచా ఆయన పక్కనే సిద్ధంగా ఉన్నాయి. వస్తుందో రాదోనని పొద్దుటి నుంచీ వాటిని కదల్చలేదట. ఆ మాట అత్తగారు తర్వాత చెప్పింది.

"మామయ్యా, మీరేం కొట్టకండి, ముందు వినండి. నాలుగుంపావు సెకన్లూ రాయివి కావు. అందులో కొంత చప్పుడిది. రాయి కిందికి దిగాలి, ఆ చప్పుడు పైకెక్కి నా చెవిలో పడాలి. నేను మొదటిసారి మొత్తం టైము చప్పుడికిచ్చేశాను. రెండోసారి మొత్తం రాయికిచ్చేశాను. ఇద్దరికీ పంచాలి. ఎవరికెంతో తెలీదు. తెలీదు కాబట్టి రాయి టైముని 'టి' అనుకుంటా. మిగిలింది చప్పుడిది. అంతేనా?"

మాస్టారు చెంచా ఎత్తారు, కొట్టలేదు. కొట్టవద్దని ఆమే అంది కదా.

"కానీ బావి ఒక్కటే. రాయి దిగిన దారే చప్పుడు ఎక్కిన దారి. కాబట్టి అయిదు టి స్క్వేరు ఎంతో, మూడువందల ఇరవై ఇంటూ మిగిలిన టైమూ అంతే." ఆమె వరండా మెట్టు మీద కూర్చుని రాసుకుంటూ పోయింది. రాస్తూ ప్రతి గీతా పైకి చదివింది. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ గోడమీదుగా తొంగిచూసింది. "రెండు జవాబులొస్తున్నాయి. ఒకటి నాలుగు. ఇంకోటి మైనస్ అరవై ఎనిమిది."

"మైనస్ అంటే?" అని లోపలి నుంచి అత్తగారు అడిగింది.

"అంటే రాయి వెయ్యడానికి నిమిషం ముందే అది పడిపోయిందని అత్తయ్యా."

"అలాంటి రాయి మనకొద్దు. పారెయ్."

"పారేశాను. నాలుగు సెకన్లు రాయివి, పావు సెకను చప్పుడిది. అయిదు ఇంటూ పదహారు, ఎనభై. మూడువందల ఇరవైలో పావు, అదీ ఎనభై. రెండు వైపులా ఒకటే వచ్చింది. బావి లోతు ఎనభై మీటర్లు. ఇప్పుడు కొట్టండి."

మాస్టారు ఒకసారి కొట్టారు. తర్వాత ఇంకోసారి, మరోసారి, ఆపకుండా రేకుల కప్పు మీద వాన పడ్డట్టు మోగించేశారు. అత్తగారు చెంచా లాక్కోవడానికని గబగబా వచ్చి, ఆయన కళ్ళు చూసి, లాక్కోకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ పాఠం తీరు మారిపోయింది. కోడలు చెప్పేది, మాస్టారు వినేవారు. తప్పు దోవలో పోతుంటే రెండు మోతలు. అంతే. తప్పేమిటో ఆమే వెతుక్కోవాలి. వెతుక్కోవాలంటే పైకి మాట్లాడుకోవాలి. ఒక్కోసారి అరగంట పట్టేది. మాస్టారు కుర్చీలో కదులుతూ, తొడ గిల్లుకుంటూ, పైకప్పు చూస్తూ ఆ అరగంటా భరించేవారు. కానీ అలా దొరికింది మర్నాడు బస్సులో కూడా ఆమెతోనే ఉండేది.

అంతా బాగానే ఉంది కానీ ఆమెకు ఒక అనుమానం మిగిలింది. "పుస్తకంలో సరే. పావు సెకను ఆలస్యం నిజంగా తెలుస్తుందా? నేనైతే ఎప్పుడూ గమనించలేదు. ఏదైనా పడితే పడగానే వినిపిస్తుంది."

మాస్టారు చటుక్కున లేచి కొడుకు జేబులోంచి వ్యాను తాళం తీసి బల్ల మీద పెట్టారు.

ఆదివారం నలుగురూ బయలుదేరారు. ఊరికి కొంత దూరంలో లోయ మీద పాత వంతెన ఒకటి ఉంది. కొత్త వంతెన వచ్చాక దాని మీద బళ్ళు తిరగడం మానేశాయి, సాయంత్రాలు నడకకు వచ్చేవాళ్ళే. కింద చాలా లోతున నది, పచ్చగా, నిదానంగా పోతోంది. అత్తగారు ఇంటి నుంచి రొట్టెలు డబ్బాలో సర్దుకొచ్చింది. అవి వంతెన దగ్గరికి చేరకముందే అయిపోయాయి. ఖాళీ డబ్బా ఆవిడ చేతిలోనే ఉంది.

కొడుకు వంతెన పొడవునా నడిచి, కింద పడవలు గానీ మనుషులు గానీ లేరని చూసి చెయ్యూపాడు. దోవలో ఏరుకొచ్చిన గుండ్రాళ్ళు కోడలి ముందు పెట్టాడు. ఆమె ఫోనులో స్టాప్‌వాచీ తెరిచింది.

మొదటి రాయికి ఆమె వాచీ నొక్కడమే మరిచిపోయింది. రాయి చిన్నదై, చుక్కై, నీటి మీద తెల్లగా ఒక పువ్వు విచ్చుకుంది. అంతా నిశ్శబ్దం. రెప్పపాటు తర్వాత 'బుడుంగ్' మంది.

ఆమె కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "చూశావా? నీళ్ళు ముందు లేచాయి. చప్పుడు తర్వాత వచ్చింది."

"చూశాను" అన్నాడు భర్త.

"ఎన్నిసార్లు ఇటు వచ్చాం, ఎన్ని రాళ్ళు వేశాం. ఒక్కసారైనా గమనించామా?"

"అప్పుడు నిన్నే చూసేవాణ్ణి" అన్నాడతను మెల్లగా. అత్తగారు వినపడనట్టు లోయలోకి చూసింది.

తర్వాత మూడు రాళ్ళు వేసి, వదిలినప్పటి నుంచి చప్పుడు వినిపించేదాకా కొలిచారు. మూడుసార్లూ ఒకేలా రాలేదు. సగటు చూస్తే మూడు పాయింటు ఎనిమిది సెకన్లు. ఇంకో రాయి భర్త వదులుతున్నప్పుడు మాస్టారికి ఉత్సాహం ఆగక, ఏదో చెప్పాలని ఊపిరి గట్టిగా పీల్చి నోరు తెరిచారు. అత్తగారు అది కనిపెట్టి, ఒక్క ఉదుటున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిలోనే డబ్బా ఉంది. అది ఆయన గడ్డానికి తగిలి, కమ్మీ మీద పడి, అటువైపు దొర్లి, లోయలోకి వెళ్ళిపోయింది. మూత విడిపోయి, ఎండలో తళతళలాడుతూ, గాలిలో పల్టీలు కొడుతూ, తీరిగ్గా పోయింది.

నలుగురూ కమ్మీ మీద వంగి చూశారు. డబ్బా ముందు పడింది. మూత ఇంకా చాలాసేపటికి, ఎక్కడో పక్కన వాలింది.

"దానికెంత టైము పట్టింది?" అని అత్తగారు అడిగింది.

"డబ్బా లెక్కలోకి రాదత్తయ్యా. గాలి ఆపేస్తుంది. రాయికైతే ఆ ఆపడం తక్కువ, అందుకని వదిలేస్తాం."

"నా డబ్బా పోయింది, పైగా అది లెక్కలోకి కూడా రాదా?"

మాస్టారు నోరు మూసుకుని భుజాలు ఎగిరిపడేలా నవ్వారు. నవ్వొచ్చా కూడదా అని డాక్టరును అడగడం ఎవరికీ గుర్తు రాలేదు. అత్తగారు మొదట ఆయన వంక కోపంగా చూసి, తర్వాత తానూ నవ్వేసింది.

కోడలు వంతెన అరుగు మీద కూర్చుని, ఈసారి పుస్తకపు అంకెలు కాకుండా అసలువే, గురుత్వానికి తొమ్మిది పాయింటు ఎనిమిది, చప్పుడికి మూడువందల నలభై వేసుకుని లెక్క చేసింది. మొత్తం టైము రాయికే ఇచ్చేస్తే ఎత్తు డెబ్బై ఒకటి వచ్చింది. చప్పుడు వాటా చప్పుడికి తీసిపెడితే అరవై నాలుగు. వంతెన మొదట్లో తుప్పు పట్టిన రేకు మీద నది నుంచి ఎత్తు అరవై మీటర్లని రాసి ఉంది. ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది.

"నాలుగు మీటర్లు తేడా. ఎక్కడ తప్పింది మామయ్యా?"

ఆయన గ్లాసు తేలేదు. ఊరికే ఆమె వంక చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు ఆ చూపు ఆమెకు భారంగా అనిపించలేదు. కాగితం మళ్ళీ చూసుకుని, "రాయిని కూడా గాలి కాస్త ఆపుతుంది. డబ్బానంత కాకపోయినా. తర్వాత, చప్పుడు విన్నాక నా బొటనవేలు కదలడానికి కొంచెం పడుతుంది. ఆ టైమంతా పోయి ఎత్తులో కలిసింది. అందుకే ఎక్కువొచ్చింది. అవునా?" అంది.

మాస్టారు ముందుకొచ్చి ఆమె తల మీద వేలి కణుపుతో ఒకేఒక్కసారి, మెల్లగా తట్టారు.

పరీక్ష రోజున హాల్లో ఆమె చుట్టూ అందరూ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలు. ఒక పిల్ల ఆమెను పర్యవేక్షకురాలనుకుని పెన్ను అడిగింది. ఆమె ఇచ్చింది. ప్రశ్నపత్రం చేతికొచ్చాక రాయి కోసం వెతికింది. బావి లేదు, నాలుగుంపావు లేదు. ఒక గని గొయ్యి లోతు ఇచ్చి, రాయి వదిలిన ఎంతసేపటికి పైనున్న మనిషికి చప్పుడు వినిపిస్తుందని అడిగారు. తెలిసిన దారినే తిరగేసి నడవమన్నారన్నమాట. ఆమె పని మొదలుపెట్టింది.

కాసేపటికి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. అసలు పర్యవేక్షకురాలు.

"ఏమండీ, మీరు పైకి మాట్లాడుతున్నారు."

చుట్టూ నలుగురైదుగురు పిల్లలు చెవులు రిక్కించి వింటున్నారు. ఆమె సిగ్గుతో నోరు మూసుకుంది. నోరు మూసుకోగానే లెక్క ఆగిపోయింది. తర్వాత ఎదుటి కుర్చీలో మామగారు కూర్చున్నట్టు ఊహించుకుని, పెదవులు కదలకుండా ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది. రాయి దిగడానికి ఇంత మామయ్యా. చప్పుడు ఎక్కడానికి ఇంత. రెండూ కలిపితే ఇదిగో. మిగిలిన లెక్కలన్నీ కూడా అలాగే చెప్పింది. గంట కొట్టేసరికి ఒక్కటే మిగిలింది, అది అద్దాల లెక్క. దాని మీద ఆమెకు మొదటి నుంచీ ఆశ లేదు.

మూడు వారాలు నిండిన రోజున డాక్టరు మళ్ళీ కెమెరా పెట్టి చూసి, గొంతు శుభ్రంగా ఉందన్నాడు.

"ఏదైనా ఒక మాట అనండి మాస్టారూ. మెల్లగా."

గదిలో అందరూ ఆయన నోటి వంకే చూశారు. మాస్టారు గొంతు సవరించుకోబోయి, అది కూడదని గుర్తొచ్చి మానేసి, భార్య వైపు తిరిగారు.

"మూడు వారాల నుంచి కూరలో ఉప్పు తక్కువవుతోంది" అన్నారు. గొంతు కొత్తగా, పల్చగా, ఇంకెవరిదో అన్నట్టుంది.

"డాక్టరుగారూ, ఇంకో మూడు వారాలు రాయండి" అంది అత్తగారు.

డాక్టరు రోజుకు కొంచెం కొంచెంగా మాటలు పెంచమన్నాడు. మాస్టారు ఆ కొంచెమూ పొద్దున్నే అద్దం ముందు ఖర్చు చేసేసేవారు. సాయంత్రం పాఠం వేళకు మాటలన్నీ అయిపోయేవి. కోడలి పరీక్ష అయిపోయినా పాఠం ఆగలేదు, పక్కింటి అమ్మాయి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆయన ఆ అమ్మాయి ముందు గ్లాసు, చెంచా పెట్టుకుని, "ఊఁ, చెప్పు" అని ఊరుకునేవారు. నెల గడిచాక మాట్లాడటానికి పూర్తి అనుమతి వచ్చింది. అయినా ఆ వేళకు మాత్రం ఆయన మాటలు మిగిలేవి కావు.

ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టింది. కోడలి పేరు పైనెక్కడా లేదు. మధ్యలో ఉంది. మధ్యలో ఉన్నా సీటు సీటే. ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్ తన సీసపు ఆప్రాన్ తెచ్చి ఆమె భుజాల మీద వేసి, "బరువు చూసుకో" అన్నాడట. దాని బరువుకు మోకాళ్ళు వంగాయని చెప్పి ఇంట్లో అందరినీ నవ్వించింది. భర్త వ్యానులోంచి స్వీట్ల పెట్టె తెచ్చాడు. మాస్టారు ఆప్రాన్‌లో సీసమే ఎందుకు వాడతారో చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆగి, "నువ్వే చెప్పు, నీకు ఎలాగూ అక్కడ చెబుతారు" అన్నారు.

అప్పుడే కిటికీలోంచి ఒక మెరుపు మెరిసింది. అత్తగారు స్వీటు ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంది. ఉరుము వినిపించగానే, "ఆరు. అంటే రెండు కిలోమీటర్లు" అంది.

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

"ఏం చూస్తారలా? సెకనుకి మూడువందల నలభై మీటర్లయితే, మూడు సెకన్లకి కిలోమీటరు కాదూ? అన్ని రోజులు వరండాలో అంత గట్టిగా అరిచి చదివితే వంటింట్లోకి వినపడదా?"

మాస్టారు చెంచా అందుకుని గ్లాసు మీద ఒకసారి కొట్టారు.

ఇంకో మెరుపు మెరిసింది. ఆవిడ వేళ్ళు మడిచింది. ఒకటి, రెండు, మూడు దగ్గర ఉరిమింది.

"దగ్గరికొచ్చేసింది. పదండి, డాబా మీద బట్టలున్నాయి" అని స్వీటు ముక్క నోట్లో వేసుకుని ఆవిడ మెట్ల వైపు పరుగెత్తింది. మిగిలిన ముగ్గురూ ఆవిడ వెనకే ఎక్కారు.